ప్రజారోగ్యంలో కొలువు: ఊరి నమ్మకానికి హోదా దక్కేదెప్పుడు?

క్లుప్తంగా: వైద్య పట్టా లేనివారు కూడా ప్రజారోగ్య రంగంలో స్థిరపడవచ్చన్న మాట నిజమే. అయితే ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఊరి నమ్మకం సంపాదించినవారికి పదోన్నతి లేదు, పట్టా సంపాదించినవారికి ఊరితో పరిచయం లేదు. ఈ రెండింటినీ కలపగలిగినవారికి పని పుష్కలంగా ఉంది. ఆ పనికి తగిన పోస్టులు, జీతాలు, ఎదిగే మెట్లు మాత్రం ఇంకా ఏర్పడాల్సి ఉంది.

2016కు ముందు ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ప్రభుత్వ వైద్య కళాశాల ఒక్కటి కూడా లేదు. ఆ ఏడాది మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్లగొండ, సూర్యాపేటల్లో, 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తిలో, 2024లో గద్వాల, నారాయణపేట, యాదాద్రి భువనగిరి జిల్లాల్లో కళాశాలలు మొదలయ్యాయి. బీబీనగర్ ఎయిమ్స్‌లో 2019లోనే ఎంబీబీఎస్ తరగతులు ప్రారంభమయ్యాయి. దాంతో ఆరోగ్య రంగంలో ఉద్యోగాలపై ఆశలూ పెరిగాయి. కరోనా తర్వాత బీఎస్సీ, నర్సింగ్, సోషల్ వర్క్ చదివిన యువతీ యువకులు ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) కోర్సుల వైపు చూస్తున్నారు. ఈ చదువు తర్వాత కొలువు ఎవరిస్తారు, సొంత జిల్లాకు పనికొచ్చే పని చేస్తూ ఎదగడం కుదురుతుందా అన్న ప్రశ్నలకు మాత్రం సూటిగా జవాబు దొరకడం లేదు. ఈ గందరగోళానికి మూలం ఆరోగ్య వ్యవస్థ నిర్మాణంలోనే ఉంది.

పట్టా ఉంది, పోస్టు లేదు

వైద్య ఆరోగ్య శాఖలో ఉద్యోగాలు విద్యార్హతల చుట్టూ అల్లుకుని ఉంటాయి. ఎంబీబీఎస్ చదివినవారు మెడికల్ ఆఫీసరు అవుతారు. బీఎస్సీ నర్సింగ్ చేసినవారు స్టాఫ్ నర్సుగా, కొంత అదనపు శిక్షణతో పల్లె దవాఖానాలో ఎంఎల్‌హెచ్‌పీగా (మధ్యస్థాయి ఆరోగ్య సేవకులుగా) చేరవచ్చు. ఎంపీహెచ్‌కు ఇలా నేరుగా ముడిపడిన శాశ్వత పోస్టుల వరుస లేదు. ఆ పట్టాతో దొరికే కొలువుల్లో ఎక్కువ భాగం జాతీయ ఆరోగ్య మిషన్ కింద జిల్లా కార్యాలయాల్లో, క్షయ నివారణ, వ్యాధుల నిఘా వంటి విభాగాల్లో ఉండే కాంట్రాక్టు ఉద్యోగాలు. మిగిలినవి స్వచ్ఛంద సంస్థలు, పరిశోధన సంస్థలు, అంతర్జాతీయ సంస్థల ప్రాజెక్టుల్లో ఉంటాయి. ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగమూ ముగుస్తుంది.

తమిళనాడు పరిస్థితి వేరు. 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం పునాదిగా అక్కడ ప్రజారోగ్యానికి ప్రత్యేక డైరెక్టరేట్, ప్రత్యేక క్యాడర్ (ఉద్యోగ శ్రేణి) నిలిచాయి. ఆసుపత్రి వైద్యం ఒక దారి, జనం మధ్య చేసే నివారణ పని మరొక దారి అన్న విభజన అక్కడ పాతది. 2017 జాతీయ ఆరోగ్య విధానం ఇలాంటి క్యాడర్ అన్ని రాష్ట్రాల్లోనూ ఉండాలని సూచించింది. 2022లో కేంద్రం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. ఇవి అమల్లోకి వచ్చేదాకా ఎంపీహెచ్ పట్టాదారు తన ఉద్యోగ జీవితాన్ని ముక్కలు ముక్కలుగా పేర్చుకోక తప్పదు. కోర్సులో చేరేముందే ఈ సంగతి తెలిసి ఉండాలి. ప్రవేశాల సమయంలో దీన్ని చెప్పేవారు తక్కువ.

స్థానిక రిజర్వేషన్ల వల్ల కొంత మేలుంది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం నేరుగా భర్తీ చేసే జిల్లా, జోనల్ పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. పాలమూరు (మహబూబ్‌నగర్) ప్రాంత జిల్లాలు జోగులాంబ జోన్‌లో, నల్లగొండ ప్రాంత జిల్లాలు యాదాద్రి జోన్‌లో ఉన్నాయి. అయితే స్థానికత, ప్రాతినిధ్యం ఒకటి కావు. దేవరకొండ పట్టణంలో పుట్టి పెరిగిన అభ్యర్థి నిబంధనల ప్రకారం స్థానికుడే. పక్క తండాలో లంబాడాలు మాట్లాడే గోర్ బోలి భాష అతనికి రాకపోవచ్చు. తండా నుంచి వచ్చిన అమ్మాయి అదే ఉద్యోగంలో ఉంటే ఇల్లిల్లూ తిరిగి అడిగే ప్రశ్నలకు వచ్చే జవాబులే వేరుగా ఉంటాయి.

ఫ్లోరైడ్ చరిత్ర చెప్పేదేమిటి

ప్రజల భాగస్వామ్యం లేకపోతే ఎంత శాస్త్రజ్ఞానం ఉన్నా ఏమవుతుందో తెలుసుకోవడానికి నల్లగొండను మించిన ఉదాహరణ దేశంలో అరుదు.

ఇక్కడి గ్రానైట్ శిలల్లో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఎక్కువ. వానలు తక్కువై, బావులు ఎండి, బోర్లు లోతుకు వెళ్లిన కొద్దీ నీరు ఆ శిలలతో ఎక్కువ కాలం కలిసి ఉంటుంది, ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటుంది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వంటి మండలాల్లో అనేక ఊళ్ల బోర్లు ఆ గీత దాటినవే. ముందు పళ్లపై గోధుమరంగు చారలు వస్తాయి. ఏళ్ల తరబడి తాగితే వెన్నెముక, కీళ్లు బిగుసుకుపోతాయి. ఈ జబ్బే ఫ్లోరోసిస్. ఆ దశకు చేరిన ఎముకను మళ్లీ మామూలు స్థితికి తెచ్చే మందు లేదు.

ఈ విషయం లోకానికి తెలియక కాదు. 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌పై వ్యాసం వచ్చింది. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఇక్కడి పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగిపోయే లోపాన్ని లాన్సెట్ పత్రికలో వివరించారు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో నీటి నుంచి ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతిని రూపొందించి దానికి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. ఆ పేరుతోనే అది విదేశాల దాకా వెళ్లింది.

ఆ పద్ధతిని కొంచెం దగ్గరగా చూస్తే చిక్కు తెలుస్తుంది. బకెట్ నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలపాలి. మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా తిప్పాలి. మడ్డి అడుగుకు చేరేదాకా గంటకు పైగా కదపకుండా ఉంచి, పై నీటిని వేరుగా వంచుకోవాలి. పటిక ఎంత వేయాలన్నది ఆ బోరు నీటిలోని ఫ్లోరైడ్‌ను, క్షారతను బట్టి మారుతుంది కాబట్టి ఊరూరికీ పరీక్ష కావాలి. మోతాదు తప్పితే నీళ్ల రుచి మారుతుంది, అల్యూమినియం మిగిలిపోయే ప్రమాదమూ ఉంది. మిగిలిన మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది ఇంకో సమస్య. ఈ పనంతా రోజూ చేయాల్సింది కూలికి వెళ్లి సాయంత్రం ఇంటికి వచ్చే ఆడవాళ్లు. పరీక్ష ఎవరు చేస్తారు, పటిక ఎవరు తెస్తారు, ఊరికి లెక్క చెప్పేదెవరు అన్న ప్రశ్నలకు ఏర్పాట్లు చేయని చోట ఏ పరిజ్ఞానమూ నిలవదు. తన పేరున్న పద్ధతి నల్లగొండలో ఇంటింటి అలవాటు కాలేకపోయింది.

ఊరు తన గొంతు వినిపించిన తీరు ఇంకో రకంగా ఉంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి ఉద్యమంలో భాగంగా ఫ్లోరైడ్ బాధితులు, రైతులు పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేశారు. నల్లగొండ స్థానంలో 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఆ ఏడాదే లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10 వేలకు పెంచారు. మర్రిగూడ మండలం శివన్నగూడేనికి చెందిన అంశాల స్వామి ఫ్లోరోసిస్‌తో వంగిపోయిన శరీరంతోనే 2003లో ప్రధాని వాజ్‌పేయి ముందుకు వెళ్లి జిల్లా గోడు వినిపించారు. 2023 జనవరిలో మరణించే దాకా ఆయన ఈ సమస్యకు ముఖంగా నిలిచారు. బాధితుల పక్షాన మాట్లాడటం, అధికారులకు సమస్యను అర్థం చేయించడం, ఊళ్లను కూడగట్టడం ప్రజారోగ్యంలో కీలకమైన పనులు. జీవితాంతం ఆ పని చేసినవారికి ఇవ్వడానికి ఏ శాఖలోనూ ఒక పోస్టు లేదు.

మొదటి అంతర్జాతీయ వ్యాసానికీ, మిషన్ భగీరథ కింద ఇంటింటికీ కృష్ణా నీళ్లు రావడానికీ మధ్య ఆరు దశాబ్దాలు గడిచాయి. 2020లో కేంద్ర జలశక్తి శాఖ లెక్కల్లో తెలంగాణలోని ఫ్లోరైడ్ పీడిత ఆవాసాల సంఖ్య సున్నాకు చేరింది. ఇది పెద్ద విజయం, అందులో సందేహం అక్కర్లేదు. అయితే ఆ లెక్క నీటి సరఫరాకు సంబంధించినది. ఎముకలు బిగుసుకుపోయినవారు అలాగే ఉన్నారు. పైపు పగిలిన రోజుల్లో, పొలం పనుల్లో బోరు నీళ్లు తాగడం పూర్తిగా ఆగిందా అన్నది ఊళ్లో ఉండేవారే చెప్పగలరు.

ఫ్లోరోసిస్‌ను గుర్తించే పద్ధతి కూడా ఆసుపత్రి అవసరం లేనంత సులభం. జాతీయ ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమంలో మూడు పరీక్షలు ఉన్నాయి. మోకాళ్లు వంచకుండా నేల మీది నాణెం తీయమంటారు. గడ్డాన్ని ఛాతీకి ఆనించమంటారు. చేతులు పక్కలకు చాచి, మోచేతులు మడిచి, తల వెనుక భాగాన్ని తాకమంటారు. చేయలేకపోతే అనుమానించి మూత్ర పరీక్షకు, ఎక్స్‌రేకు పంపుతారు. పదో తరగతి చదివిన మహిళ ఒక పూట శిక్షణతో చేయగల పని ఇది. చేయలేకపోయిన మనిషికి ఆ తర్వాత ఏమి చెప్పాలి, ఎక్కడికి తీసుకెళ్లాలి, వికలాంగుల పింఛనుకు కాగితాలు ఎలా కట్టాలి అన్న దగ్గరే అసలు నైపుణ్యం కావాలి. ఇప్పుడున్న పోస్టుల్లో ఆ నైపుణ్యానికి విలువ కట్టే ఏర్పాటు లేదు.

కమిటీలో పేరుంటే సరిపోతుందా

2005 ఏప్రిల్‌లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు వెయ్యి జనాభాకు ఒక ఆశా కార్యకర్త ఉండాలని, ఆమె అదే ఊళ్లో నివసించే మహిళ అయి ఉండాలని నియమం పెట్టారు. ప్రాతినిధ్యం అన్న ఆలోచన ఆ ఒక్క నియమంలో బలంగా ఉంది. గర్భిణుల నమోదు, కాన్పుకు తోడు వెళ్లడం, టీకాలు, జ్వరాల సర్వే, క్షయ అనుమానితుల గుర్తింపు అన్నీ ఆమె చేతి మీదుగానే నడుస్తాయి. ఇన్ని పనులు చేసినా ఆమెకు అందేది జీతం కాదు, పారితోషికం. 18 వేల రూపాయల స్థిర వేతనం కావాలని ఆశాలు చాలాకాలంగా ఆందోళన చేస్తున్నారు.

జాతీయ ఆరోగ్య మిషన్‌లోనే గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీలూ ఉన్నాయి. ఏటా పది వేల రూపాయల నిధి వీటికి కేటాయింపు. మొత్తం చిన్నదే. కానీ ఊరి ఆరోగ్యం గురించి ఊరే నిర్ణయం తీసుకోగల అధికారిక వేదిక ఇది. 2018లో అనేక తండాలు, గూడేలు సొంత పంచాయతీలైనప్పుడు ఈ వేదిక ఇంకా విలువైనదైంది. అప్పటిదాకా పెద్ద ఊరి పంచాయతీలో ఒక వార్డుగా ఉన్న తండాకు సొంత సర్పంచ్ వచ్చారు. మహిళలకు సగం స్థానాలు ఉన్నందున లంబాడా మహిళలు కూడా ఆ కుర్చీలో కూర్చున్నారు. 2024 ఫిబ్రవరిలో పాలకవర్గాల గడువు ముగిసింది. ఆ తర్వాత చాలాకాలం పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. ఎన్నికైన మనిషి లేనప్పుడు ఆరోగ్య కమిటీ కాగితాల మీద సంతకాల స్థాయికి దిగజారడం సహజం.

అవకాశమూ ఇక్కడే ఉంది. బయటి నుంచి వచ్చే నిపుణులకు ఈ కమిటీ ఒక సంతకం మాత్రమే. ఊరి లెక్కలు చదివి, ఫలానా వాడలో నీళ్ల బిరుసు ఎక్కువ, ఫలానా గల్లీలో బాలింతలకు రక్తం తక్కువ అని అర్థమయ్యే తెలుగులో చెప్పి, తీర్మానం రాయించగలిగినవారికి ఇదే పని నేర్చుకునే చోటు. ప్రాతినిధ్యాన్ని ఫొటోలో ఎంతమంది ఉన్నారన్న దానితో కొలవడం తప్పు. ఊరి మాట వల్ల మండల స్థాయి నిర్ణయం ఎన్నిసార్లు మారిందన్నదే సరైన కొలమానం.

నల్లమలలో ఈ అవసరం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. చెంచులు ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాల జాబితాలో ఉన్నవారు. మన్ననూరు కేంద్రంగా వారికి ప్రత్యేక ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) ఉంది. ఇలాంటి సమూహాల కోసం 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ పథకంలో సంచార వైద్య వాహనాలు కూడా ఉన్నాయి. వాహనం పెంట (చెంచుల ఆవాసం) దాకా వెళుతుంది. ఆ సమయానికి జనం అడవిలో ఉంటే ఖాళీగా తిరిగి వస్తుంది. ఏ రోజున ఎప్పుడు రావాలో చెప్పగల చెంచు యువతి లేదా యువకుడు ఆ బృందంలో ఉద్యోగిగా ఉంటేనే ఆ డీజిలు ఖర్చుకు ఫలితం దక్కుతుంది. నారాయణపేట సరిహద్దు ఊళ్లలో కన్నడ, పట్టణ వాడల్లో ఉర్దూ కూడా ఇలాంటి అవసరాలే.

వలస క్యాలెండర్ తెలిసినవారు

పాలమూరు కూలీల వలస ప్రజారోగ్యానికి ప్రత్యేకమైన సవాలు. కూలీల గుంపును కట్టే మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇస్తాడు. గుంపు పుణె, ముంబై లేదా హైదరాబాద్ నిర్మాణాల వైపు కదులుతుంది. పండుగలకు తిరిగి వస్తుంది. పసిపిల్లలు తల్లులతో వెళతారు, బడి ఈడు పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉండిపోతారు. ఆరోగ్య కేంద్రం రిజిస్టరు మాత్రం మనిషి ఏడాదంతా ఒకే చోట ఉంటాడన్న లెక్కన రాసింది. క్షయ చికిత్స కనీసం ఆరు నెలలు ఆగకుండా సాగాలి. మూడో నెలలో రోగి పుణె వెళితే ఇక్కడి రిజిస్టరులో ‘మందు మానేశాడు’ అని నమోదవుతుంది. క్షయ రోగులను నమోదు చేసే నిక్షయ్ పోర్టల్ గుర్తింపు సంఖ్యతో ఎక్కడైనా మందులు తీసుకోవచ్చు. 2024 నవంబరు నుంచి పోషకాహార సాయం నెలకు వెయ్యి రూపాయలైంది. ఈ రెండు సంగతులూ రోగి బస్సు ఎక్కేలోపు అతనికి తెలియాలి.

అందుకు ఊళ్లో ఏ మేస్త్రీ ఎప్పుడు గుంపు కడతాడో తెలిసినవారు కావాలి. మేస్త్రీతోనే మాట్లాడి మందుల సంచి వెంట పంపగలిగినవారు కావాలి. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ ప్రయోగాత్మకంగా మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. పెద్ద జబ్బుకు శస్త్రచికిత్స ఖర్చు అప్పటి నుంచి ప్రభుత్వం భరిస్తోంది. జబ్బు పెద్దది కాకముందే పట్టుకునే పనికి అదే స్థాయిలో మనుషులు, డబ్బు కేటాయించలేదు. ఆసుపత్రి బిల్లును లెక్కించడం తేలిక, ఆగిపోయిన రోగాన్ని లెక్కించడం కష్టం కావడమే ఇందుకు ప్రధాన కారణం.

కొలువు వైపు వాస్తవమైన దారి

ఈ నేపథ్యంలో ఇప్పుడున్న పరిమితుల్లోనే దారి వెతుక్కోవాలి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోని ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) వంటి చోట్ల ఎంపీహెచ్ ఉంది. వైద్యేతర పట్టభద్రులకూ ప్రవేశం దొరుకుతుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో పోషకాహార కోర్సులు ఉన్నాయి. కోర్సు ఎంచుకునేటప్పుడు భవనాలు, ర్యాంకుల కన్నా ఫీల్డ్ శిక్షణ ఎన్ని నెలలు, ఎక్కడ, ఎవరి పర్యవేక్షణలో అన్నది ముందు అడగాలి. చేరేముందు ఏడాదో రెండేళ్లో మహిళా సమాఖ్యలతో, క్షయ కార్యక్రమంలో లేదా స్వచ్ఛంద సంస్థలో గ్రామస్థాయి పని చేసినవారికి ఆ చదువు రెట్టింపు ఉపయోగపడుతుంది. పాఠంలో వచ్చే ప్రతి భావనకూ వారి దగ్గర ఒక ఊరు ఉంటుంది.

నేర్చుకోవాల్సిన వాటిలో గణాంకాలు, ఎక్సెల్ తప్పనిసరి. వాటితో సమానంగా తెలుగులో నివేదిక రాయడం రావాలి. సర్వే చేసి వెళ్లిపోయి ఫలితం చెప్పని బృందాలను ఊళ్లు చాలా చూశాయి. 1990ల చివర్లో దేవరకొండ తండాలు ఆడశిశువుల అమ్మకాల వార్తలతో దేశమంతా తెలిశాయి. కట్నం, పేదరికం, దత్తత పేరుతో జరిగిన వ్యాపారం కలిసి తెచ్చిన విపత్తు అది. రాసినవారు, విచారించినవారు దాదాపు అందరూ బయటివారే. అలాంటి చోట కాగితం మీద పేర్లు రాసుకునే కొత్త మనిషిని అనుమానంగా చూస్తే తప్పు పట్టలేం. తీసుకున్న లెక్కను గ్రామసభలో తిరిగి చెప్పడం ఒక్కటే ఆ అనుమానాన్ని తగ్గిస్తుంది.

తెగిన మెట్లు

మహారాష్ట్రలోని గడ్చిరోలిలో గ్రామ మహిళలకు నవజాత శిశువుల సంరక్షణ నేర్పిన ప్రయోగంలో నవజాత శిశు మరణాలు మూడో ఏటికి 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ ప్రచురించింది. 2011 నుంచి దేశమంతా ఆశాలు చేస్తున్న ఇంటివద్ద నవజాత సంరక్షణకు అదే ఆధారం. ఛత్తీస్‌గఢ్ 2002లో మొదలుపెట్టిన మితానిన్ (గ్రామ మహిళా ఆరోగ్య కార్యకర్తల) కార్యక్రమం ఇంకో అడుగు ముందుకేసి, శిక్షకులను ఆ మహిళల నుంచే తయారు చేసుకుంది. నర్సింగ్ కోర్సుల ప్రవేశాల్లో ఆశాలకు ప్రాధాన్యం ఇచ్చిన రాష్ట్రాలూ ఉన్నాయి. ఊరి మనిషి పై మెట్టు ఎక్కగలదని ఇవి చూపించాయి.

దక్షిణ తెలంగాణలో ఆ మెట్లు తెగి ఉన్నాయి. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న ఆశా ఇప్పటికీ ఆశానే. ఆమె కూతురు ఎంపీహెచ్ చేస్తే హైదరాబాద్‌లో ప్రాజెక్టు ఉద్యోగం వెతుక్కుంటోంది. ఇలాగే సాగితే జిల్లా స్థాయి ప్రణాళికలు ఊరి సంగతి తెలియనివారి చేతుల్లోనే తయారవుతాయి. అనుభవజ్ఞులైన ఆశాలు అలసిపోయి తప్పుకొంటే వారి స్థానంలో వచ్చేవారు నమ్మకాన్ని మొదటి నుంచి కూడబెట్టుకోవాల్సి వస్తుంది.

సమీప కాలంలో మార్పుకు వీలున్న చోటు కొత్త వైద్య కళాశాలలే. జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం ప్రతి ఎంబీబీఎస్ విద్యార్థీ కొన్ని గ్రామీణ కుటుంబాలను దత్తత తీసుకుని చదువు సాగినంత కాలం వారి ఆరోగ్యాన్ని గమనించాలి. ప్రతి కళాశాల కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో, దాని గ్రామీణ శిక్షణ కేంద్రంలో మెడికో సోషల్ వర్కర్లు, హెల్త్ ఎడ్యుకేటర్లు ఉండాలి. రెండు ఉమ్మడి జిల్లాల్లో ఎనిమిది ప్రభుత్వ కళాశాలలు ఉన్నాయి కాబట్టి ఇవి లెక్కలోకి తీసుకోదగిన సంఖ్యలో కొలువులు. వీటి నియామకాల్లో గోర్ బోలి, కన్నడ వంటి స్థానిక భాషల పరిజ్ఞానానికి, ఆశాగా లేదా సమాఖ్య కార్యకర్తగా పనిచేసిన అనుభవానికి మార్కులు కేటాయించడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, నోటిఫికేషన్‌లో ఒక నిబంధన చేరిస్తే చాలు. ఎంపీహెచ్ చేయాలనుకునే నల్లగొండ, పాలమూరు అభ్యర్థులు ముందుగా ఆరా తీయాల్సింది కూడా తమ జిల్లా కళాశాలలో ఈ పోస్టులు ఎన్ని మంజూరయ్యాయి, ఎన్ని భర్తీ అయ్యాయి, ఏ అర్హతతో అన్న సంగతినే.